అరకు బయల్దేరే పిల్లలకు





చలికాలం మొదలైందంటే చాలు, మీ తరంవాళ్లంతా అరకు మాట ఎత్తుతారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, కాలేజీ పిల్లలు, సెలవులకు అమెరికా నుంచి వచ్చినవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు... అందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, అరకులో ఏమేం చూడాలి?" విశాఖ మన్యంలోని బళ్లలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. ఆ కొండల నీళ్లు తాగాను, ఆ ఊళ్ల అన్నం తిన్నాను. అందుకే మీకు చూడాల్సిన చోట్ల జాబితా ఒకటి పంపించి ఊరుకోబుద్ధి కావడం లేదు. కాస్త ఓపిగ్గా చదువుతారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే మాట. ఆ కొండల్లో చూడదగ్గది ఏది మిగిలినా, ఎవరో ఒకరు దాన్ని కాపాడబట్టే మిగిలింది. కొన్నిటిని చెమటోడ్చి నిలబెట్టారు, కొన్నిటికోసం కోర్టుకెక్కారు, కొన్నిటికోసం ప్రాణాలిచ్చారు. ఆ మనుషులెవరో తెలుసుకుని వెళ్లినవాడికి అరకు ఒకలా కనిపిస్తుంది, తెలియకుండా వెళ్లినవాడికి ఇంకోలా కనిపిస్తుంది. మీరు తెలుసుకుని వెళ్లాలని నా కోరిక.

ముందుగా ఒక సలహా. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణం పెట్టుకోవద్దు. విశాఖపట్నం నుంచి అరకు నూటపది కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రోజులో గుహలు, మ్యూజియం, తోట, జలపాతం, డాన్సు అన్నీ చుట్టబెట్టేస్తే మీకు మిగిలేది ఒళ్లు నొప్పులు, ఫోను నిండా ఫొటోలు. కనీసం రెండు రాత్రులైనా కొండమీద ఉండండి. ఆ కొండల అసలు అందం తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు, సాయంత్రం పొయ్యిల పొగ ఇళ్ల కప్పుల మీంచి లేచేటప్పుడు తెలుస్తుంది. ఆ రెండు వేళల్లోనూ పొద్దుటి బస్సులో వచ్చి రాత్రికి దిగిపోయేవాడు అక్కడ ఉండడు.

వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లండి. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుకు 2017 నుంచి అద్దాల పెట్టె తగిలించారు. విస్టాడోమ్ అంటారు దాన్ని. అందులో టికెట్ దొరికితే మంచిదే. దొరక్కపోయినా దిగులు పడనక్కర్లేదు, మామూలు పెట్టెలో కిటికీ పక్కన సీటు సంపాదించుకోండి, కొండగాలి నేరుగా మొహానికి తగులుతుంది. శృంగవరపుకోట దాకా వరిమళ్లు, తాటిచెట్లు కనిపిస్తాయి. బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... ఒక్కో స్టేషను దాటేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఒక సొరంగం, ఒక వంతెన, మళ్లీ సొరంగం. చీకట్లోకి వెళ్లిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలు కేకలు పెడతారు. వెలుతురులోకి రాగానే పక్కన లోయ, లోయలో ఎక్కడో సన్నటి గెడ్డ, అంటే వాగు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ దారిలో సొరంగాలు 58. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి మీద దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనని దానికి చాలాకాలం పేరు. కాశ్మీరులో రైలు నడిచాక ఆ పేరు అటు వెళ్లింది.

ఈ రైలుదారి పుట్టింది యాత్రికుల కోసమని అనుకోవద్దు. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చెయ్యడానికి, ఆ జపాను సాయంతోనే, 1960లలో వేశారు. తూర్పు కనుమల రాతిని తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి, దట్టమైన అడవిలో పట్టాలు పరిచిన ఆ కూలీల పేర్లు ఏ స్టేషను గోడ మీదా ఉండవు. ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు ఇప్పటికీ మీకు ఎదురొస్తాయి. మీ రైలు ఏదో చిన్న స్టేషనులో ఆగి గూడ్సుకు దారి ఇచ్చిందనుకోండి, విసుక్కోకండి. ఈ దారి వేసిందే దానికోసం. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడుతుంటాయి. ఆ వానలో నిలబడి రాళ్లు తొలగించే ట్రాక్‌మన్లు కిటికీలోంచి కనిపిస్తే చెయ్యి ఊపండి, సంతోషిస్తారు.

బొర్రా గుహలు చూడాలంటే బొర్రాగుహలు స్టేషనులోనే దిగాలి. లోపలికి అడుగుపెట్టగానే ఎంత పెద్ద గుహ అనిపిస్తుంది. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడలు, కిందినుంచి లేచిన దిబ్బలు, రెండూ కలిసిపోయి నిలబడ్డ స్తంభాలు. అవి ఎలా ఏర్పడ్డాయో తెలిస్తే ఇంకా బాగుంటుంది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుని గుహ కప్పు దాకా వస్తుంది. అక్కడ గాలి తగలగానే ఆ వాయువు పోయి, సున్నం చుక్క అంచున పేరుకుంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు పైసా పైసా కూడబెట్టినట్టు, చుక్క చుక్కా చేరి వేల ఏళ్లకు ఆ ఆకారం తయారవుతుంది. మనం సరదాగా చెయ్యి వేస్తే, చేతి జిడ్డు అంటిన చోట కొత్త సున్నం అతుక్కోవడం ఆగిపోతుంది. అందుకని కళ్లతో చూడండి, చేతులు వెనక్కి కట్టుకోండి.

అక్కడివాళ్లు చెప్పే కథ కూడా వినండి. మేత మేస్తున్న ఆవు ఒకటి కొండమీది బొరియలోంచి లోపలికి పడిపోయిందట. వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి ఆవుతోపాటు లోపల శివలింగం కనిపించిందట. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల జనమంతా అక్కడికి చేరతారు. ఆ గుహ గుండానే గోస్తనీ నది పారుతుంది. అక్కణ్ణుంచి మైదానంలోకి దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖకు వస్తాయి. విశాఖలో చదువుకుంటున్న పిల్లలూ, మీరు తాగే నీళ్లకూ ఈ కొండలకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

ఇక్కడే ఇంకో సంగతి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. బొర్రా చుట్టుపక్కల అనంతగిరి మండలం గ్రామాల్లో గనులకోసం లీజులు ఇచ్చారు. ఈ కొండల కింద ఉన్న సున్నపురాయి, కాల్సైటు లాభం తెచ్చే సరుకు మరి. ఆదివాసుల పక్షాన సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో నెగ్గలేదు, సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, అడవి భూమి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడానికి వీల్లేదని ఆ తీర్పు సారం. దేశమంతా ఇప్పటికీ దాన్ని సమత తీర్పు అనే పిలుస్తారు. లా చదువుతున్నవాళ్లకు ఇది పాఠంలో వచ్చే ఉంటుంది. పాఠంలో చదివిన ఊళ్లు బొర్రా గుహ బయటకొచ్చి కాస్త అటూ ఇటూ నడిస్తే కళ్లముందే ఉంటాయి. డైనమైటు పేలుళ్లు లేని ఆ నిశ్శబ్దం ఎవరి పుణ్యమో అప్పుడు తెలుస్తుంది.

బొర్రాకు దగ్గర్లోనే కటికి జలపాతం ఉంది. కొంతదూరం జీపులో, కొంత నడిచి వెళ్లాలి. జీపు నడిపేది స్థానిక కుర్రాళ్లు, వాళ్లనే మాట్లాడుకోండి. అక్కణ్ణుంచి రోడ్డున అరకు వైపు వస్తే గాలికొండ వస్తుంది. అక్కడ ఆగి కిందికి చూస్తే, మీరు ఎక్కొచ్చిన కొండలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. అరకు ఊళ్లో ఆదివాసీ మ్యూజియం, పద్మాపురం తోట ఉన్నాయి. ఆ తోట రెండో ప్రపంచయుద్ధం నాడు సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైందని చెబుతారు. మ్యూజియం మట్టుకు తొందరగా చూసి వచ్చేయకండి. వేట, వంట, పెళ్లి, పండగ, పనిముట్లు అన్నీ అక్కడ బొమ్మలకొలువుగా ఉన్నాయి. అది చూశాక ఊళ్లలోకి వెళ్తే కళ్లముందు జరిగేది అర్థమవుతుంది. డుంబ్రిగుడ దారిలో చాపరాయి ఉంది. వాలుగా పరుచుకున్న బండమీద నీరు జారుతూ పోతుంది. పిల్లలకు ఆడుకోవడానికి అదే మంచి చోటు. నాచు పట్టిన బండమీద మాత్రం కాలు పెట్టకండి.

మీరంతా ఎగబడి ఫొటోలు తీసుకునే పసుప్పచ్చ పూల సంగతి కూడా చెప్పాలి. అవి వలిసెలు. అక్టోబరు చివరినుంచి డిసెంబరు దాకా లోయ నిండా పూస్తాయి. మీకు అది పూలతోట. ఆ రైతుకు అది నూనెగింజల పంట, ఇంటి ఖర్చులకు ఆసరా. ఫొటోకోసం మీరు చేనులోకి దిగి నాలుగడుగులు వేస్తే నాలుగు మొక్కలు విరుగుతాయి. మీ వెనక వచ్చేవాడు అదే దారిన ఇంకో నాలుగు అడుగులు ముందుకెళ్తాడు. ఆదివారం సాయంత్రానికి చేను మధ్యలో బాట పడుతుంది. కొందరు రైతులు ఇప్పుడు చేను గట్టున నిలబడి, మనిషికింత అని తీసుకుని లోపలికి పంపుతున్నారు. బేరమాడకుండా ఇవ్వండి. విరిగే మొక్కకు అది ఖరీదే.

ఇప్పుడు కాఫీ. అరకు కాఫీ అంటే మీకు నగరంలోని అందమైన ప్యాకెట్టు గుర్తొస్తుంది. తోటలోకి వెళ్లి చూడండి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, ఆ మానులను చుట్టుకుని మిరియాల తీగలు, వాటి నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. ఎండాకాలం మొదట్లో ఒక మంచి వాన పడితే, పది రోజుల్లోపే కొమ్మలన్నీ తెల్లగా పూస్తాయి. మల్లెపూల వాసన వేస్తుంది తోటంతా. మూడు నాలుగు రోజులకే పూలు రాలిపోతాయి. ఆ పూత కాయై, పండై, ఎరుపెక్కడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరులో కోత మొదలవుతుంది. కొమ్మమీద పండ్లన్నీ ఒకేసారి పండవు. అందుకని ఎర్రబడినవి మాత్రమే ఏరుకుంటూ అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. ఒక్క పచ్చికాయ కలిసినా కప్పులో రుచి చెడుతుంది. ఆ ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు. నడుముకు బుట్ట కట్టుకుని, వాలు నేలమీద కాలు నిలదొక్కుకుని, రెండు చేతులతో ఏరతారు. ఆ రోజు కోసిన పండు ఆ రోజే తోలు తీయాలి, లేకపోతే పులిసిపోతుంది. తోలు తీసిన గింజను నీళ్లలో నానబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, ఎండబెడితే అప్పుడు అది అమ్మకానికి పనికొస్తుంది.

ఈ కాఫీకి 2019లో అరకు వ్యాలీ అరబికా పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది, ఈ కాఫీ అక్కడ బహుమతి కూడా గెలిచింది. ఒకప్పుడు పోడు కొట్టుకుని, ఏడాదికొక గింజ పంటతో గడుపుకునే కుటుంబాలకు ఈ నీడతోటలు బతుకుతెరువయ్యాయి. చెట్లు నరికితే కాఫీ బతకదు కాబట్టి అడవి కూడా నిలిచింది. కాబట్టి కాఫీ కొంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, రైతుల సంఘాల దగ్గరో, లేదంటే నేరుగా తోటవాళ్ల దగ్గరో కొనండి. జీసీసీ అని మనం పిలిచే ఆ సంస్థ 1956 నుంచి ఉంది. తేనె, కుంకుళ్లు, చింతపండు, మిరియాలు కూడా అక్కడ దొరుకుతాయి.

ధింసా గురించి రెండు మాటలు. రిసార్టు ఆవరణలో సాయంత్రం మంటవేసి ఆడించే ధింసా మీరంతా చూసే ఉంటారు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లను చులకన చెయ్యవద్దు, అది వాళ్ల కష్టార్జితం. కానీ ధింసా పుట్టింది టూరిస్టు కోసమని అనుకోవద్దు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని వరుస కడతారు. మోరి ఊదేవాడు, కిరిడి, తుడుము, డప్పు కొట్టేవాళ్లు ముందు నిలబడతారు. వాద్యం మారితే అడుగు మారుతుంది. గ్రామదేవతను కొలుస్తూ ఆడేది బోడ ధింసా. ఆకులు ఏరుకునే పనిని చూపేది పొతర్ తోల. పులి వస్తే తప్పించుకునే తీరును చూపేది భాగ్ ధింసా. భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ ఆడేది కుండ ధింసా. వరుసలో ముసలమ్మ ఉంటుంది, పక్కనే పదో తరగతి పిల్ల ఉంటుంది, ఇద్దరి అడుగూ ఒకేసారి నేలను తాకుతుంది. వాళ్లు మిమ్మల్ని చెయ్యిపట్టి వరుసలోకి లాగితే వెళ్లండి. మీ అంతట మీరు వరుస మధ్యలోకి దూరి సెల్ఫీ తీసుకోకండి.

చైత్రంలో వెళ్లేవాళ్లకు ఇటుకల పండగ కనిపిస్తుంది. విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లు వేటకు వెళ్లే పండగ. ఆ రోజుల్లో ఆడపిల్లలు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, ఆడి పాడి, వచ్చేపోయే బళ్లవాళ్లను డబ్బులడుగుతారు. దారిదోపిడీ అని కంగారుపడి ఫోనులో వీడియోలు తీసేవాళ్లను చూశాను. అది పండగ మామూలు. మన ఊళ్లలో హరిదాసుకు, గంగిరెద్దులవాళ్లకు ఇచ్చినట్టే నవ్వుతూ ఇచ్చి, ఒక పాట విని వెళ్లండి.

సంత జరిగే రోజు తెలుసుకుని ఆ రోజు అక్కడ ఉండేలా చూసుకోండి. తెల్లవారకముందే కొండ దిగి, నెత్తిన బుట్టలతో, కావిళ్లతో జనం వస్తారు. పసుపు, అల్లం, రాజ్‌మా, సామలు, చోళ్లు, పనసకాయలు, అడ్డాకులు, కొండచీపుర్లు రాశులు పోసి పెడతారు. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోదులు, కోటియాలు, పోర్జాలు, గదబలు అందరూ అక్కడ కలుస్తారు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి మాటలు వినిపిస్తాయి. నిలబడి వినండి, మన రాష్ట్రంలో ఇన్ని భాషలున్నాయా అనిపిస్తుంది. మాల్‌లో ధర చూసి కార్డు గీకే మీరు, సంతలో అమ్మ దగ్గర అల్లానికి పది రూపాయలు తగ్గించమని పట్టుబట్టకండి. ఆ అల్లం ఆమె నెత్తిన కొండ దిగి వచ్చింది.

తిండి సంగతికి వస్తే, బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దట్టించి, నిప్పులమీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, నీళ్లు పొయ్యరు. వెదురులోని తేమకే ఉడుకుతుంది. పొద్దున చోడి అంబలి దొరికితే తాగండి, కొండెక్కే కాళ్లకు బలం. కొండ దిగి మాడుగుల మీదుగా వెళ్లేవాళ్లు హల్వా కొనుక్కోవడం మరిచిపోకండి.

అరకు దగ్గరే ఆగిపోకుండా పాడేరు వైపు కూడా వెళ్లండి. తూర్పు కనుమల్లో 1600 మీటర్లు దాటిన శిఖరాలు కొన్ని ఆ చుట్టుపక్కల ఉన్నాయి. వంజంగి కొండ చీకటితోనే ఎక్కితే, సూర్యుడు వచ్చేసరికి మేఘాలు మీ పాదాల కింద ఉంటాయి. చింతపల్లి మండలం లంబసింగిలో డిసెంబరు, జనవరిలో చలి సున్నా దగ్గరికి దిగిన రోజులున్నాయి. దగ్గర్లోనే తాజంగి జలాశయం ఉంది. పాడేరులో మోదకొండమ్మ తల్లి గుడి ఉంది, మే నెలలో జరిగే ఆ జాతరకు మన్యం అంతా కదిలి వస్తుంది. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం చూడండి. గెడ్డ మడుగులో పెద్ద పెద్ద చేపలు ఒడ్డుదాకా వస్తాయి. వాటిని దేవుడి చేపలంటారు, ఎవరూ పట్టరు, ఎవరూ తినరు. చేపకూర ఇష్టపడే జనమే ఆ మడుగు దగ్గర గాలం వెయ్యకుండా తరాలుగా మాట నిలుపుకున్నారు. ప్రకృతిని కాపాడడం ఎలా అని మనం సెమినార్లు పెట్టుకుంటాం. వాళ్లు ఆ పని భక్తితో చేస్తున్నారు.

నీళ్ల గురించి ఇంకొక్క విషయం. ఈ కొండల తూర్పు వాలున పడ్డ వాన గోస్తనీగా బంగాళాఖాతంలోకి వెళ్తుంది. పడమటి వైపు పడ్డ వాన మాచ్‌ఖండ్ నదై, ఒడిశా సరిహద్దున డుడుమ దగ్గర నూటయాభై మీటర్ల పైనుంచి దూకి, సీలేరై, శబరిలో కలిసి, చివరికి గోదావరి అవుతుంది. డుడుమ దగ్గర 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు ఇస్తోంది. మైదానంలో మన దీపాలకు, మన పొలాలకు ఈ కొండలు ఎంత ఇచ్చాయో లెక్కవేసుకుంటే, మనం తిరిగి ఇచ్చింది చాలా తక్కువ.

చింతపల్లి వెళ్లినప్పుడు అక్కడి పోలీసు స్టేషను ముందు ఒక నిమిషం ఆగండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన దళంతో వచ్చి తుపాకులు పట్టుకెళ్లింది అక్కణ్ణుంచే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తెల్లవాళ్లు అడవి చట్టాలు పెట్టి పోడు మాన్పించారు, లంబసింగి దారి రోడ్డు పనుల్లో మన్యంవాళ్లతో వెట్టి చేయించారు. ఆ కడుపుమంట తిరుగుబాటయింది. గంటందొర, మల్లుదొర వంటివాళ్లు ఆయన వెంట నిలిచారు. 1924 మే 7న రాజును పట్టుకుని కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022లో ఈ ప్రాంతానికి ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. మీరు కారులో హాయిగా ఎక్కే ఆ లంబసింగి ఘాట్‌కు ఇంత చరిత్ర ఉందని మీ పక్క సీటులోవాళ్లకు చెప్పండి.

ఇక నడవడిక. మనుషుల ఫొటో తీసేముందు అడగండి. ముఖ్యంగా ముసలమ్మల ముక్కుకాడలు, పచ్చబొట్లు చూసి కెమెరా ఎత్తేముందు వాళ్ల కళ్లలోకి చూసి అడగండి, వద్దంటే మానెయ్యండి. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర విసరకండి. ఇవ్వాలనిపిస్తే ఆ ఊరి బడికి పుస్తకాలివ్వండి. కొండమీద మైకులు పెట్టి పాటలు వెయ్యకండి. సీసాలు, ప్లేట్లు, చిప్సు కవర్లు మీ సంచిలోనే కిందికి తెచ్చుకోండి. వంజంగి మీద చెత్త ఎత్తి తీసుకెళ్లడానికి మునిసిపాలిటీ బండి రాదు. మంచు కమ్మిన రాత్రిపూట ఘాట్ దిగకండి. తెలియని జలపాతంలో, వానాకాలపు గెడ్డలో దిగకండి. మీ ఇంట్లో మీకోసం ఎదురుచూసే అమ్మానాన్నలున్నారు.

అక్కడి ఇళ్లలో బస దొరికితే పెద్ద హోటలు వద్దనుకుని అక్కడే దిగండి. దారి చూపడానికి ఆ ఊరి కుర్రాణ్ణే వెంట తీసుకెళ్లండి. కొండలోపలి గూడేలకు వెళ్తే రోడ్డు లేని ఊళ్లు ఇంకా కనిపిస్తాయి. నెలలు నిండిన ఆడపిల్లను డోలీ కట్టి మైళ్లకొద్దీ మోసుకొచ్చే ఊళ్లు అవి. మీలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, రాయగలవాళ్లున్నారు. చూసింది చూసినట్టు నలుగురికి చెప్పండి, చేతనైన సాయం చెయ్యండి.

చివరిగా ఒక గట్టి మాట. ఆ చల్లగాలికి, ఆ పచ్చదనానికి మనసుపడి "ఇక్కడ కాస్త భూమి కొనుక్కుంటే ఎంత బాగుండు" అనిపిస్తుంది మీకు. ఎవడో ఒక దళారీ కూడా వచ్చి, గిరిజనుడి పేరున పెట్టి మీకు కాటేజీ కట్టిస్తానంటాడు. వినకండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడాన్ని మన చట్టం ఒప్పుకోదు. 1959 నాటి నిబంధనను 1970లో మరింత బిగించారు. దాన్నే మన్యంలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఆ చట్టం లేకపోయి ఉంటే ఆ లోయలో ఈపాటికి సంతలూ ఉండేవి కావు, ధింసా వరుసా ఉండేది కాదు, ప్రహరీగోడలు మాత్రం ఉండేవి. దొంగదారిన ఒక్క సెంటు తీసుకున్నా, మీరు చూసి మురిసినదాన్ని మీ చేత్తోనే చెరిపేసినవాళ్లవుతారు.

వెళ్లండి పిల్లలూ, తప్పకుండా వెళ్లండి. మీ డబ్బు కొండవాళ్ల చేతిలో పెట్టండి, మీ చెత్త మీరే దించుకురండి, ఆ భూమిని మాత్రం దానిమీద పుట్టినవాళ్లకే ఉండనివ్వండి.

మీ క్షేమం కోరే,
మన్యంలో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు